ఒక నది, రెండు నగరములు



పొలిమేర దాటి వచ్చు బాటసారికి మన యూరు మొట్టమొదట ఎట్లు కనబడును? ఇండ్లు కనబడవు, వీధులు కనబడవు, మనుష్యులు అసలే కనబడరు. చెరువుకట్టమీది తాటిచెట్ల వరుస, దాని వెనుక రావిచెట్టు గుబురు, ఆ గుబురునకు మీదుగా దేవాలయ శిఖరము, శిఖరముపై కలశము, ఇవన్నియు కలిసి ఆకాశమునకు అడ్డముగా గీచిన గీతవలె తోచును. ఆ గీతను చూచియే బండివాడు "అదిగో మన యూరు" అని ఎద్దులను అదలించును. ఇంగ్లీషువారు ఈ గీతకు స్కైలైను అని పేరు పెట్టిరి. నేను దానిని ఆకాశరేఖ యని పిలిచెదను.

ఈ దినమున అమెరికా సంయుక్త రాష్ట్రములలోని రెండు నగరముల ఆకాశరేఖలను ప్రక్కప్రక్కన ఉంచి, వాని వెనుకనున్న చరిత్రను మీకు విన్నవింపదలచితిని. ఒకటి పెన్సిల్వేనియా రాష్ట్రములోని పిట్స్‌బర్గు. రెండవది ఒహాయో రాష్ట్రములోని సిన్సినాటి. ఇవి న్యూయార్కువలె, చికాగోవలె మహానగరములు కావు. అట్టి మహానగరములను విడిచి వీనిని ఏల ఎన్నుకొంటినని మీరడుగవచ్చును. మహానగరములలో ఎత్తైన మేడలు వందలకొలది. వానిలో ఒక్కొక్కదాని కథ పట్టుకొనుట కష్టము. మధ్యరకపు నగరములలోనన్ననో శిఖరములు కొలదిగా ఉండును. ప్రతిదానికిని కట్టించినవారెవరో, ఎప్పుడు కట్టిరో, ఏల కట్టిరో తెలిసికొనవచ్చును. ఆకాశరేఖను చదువ నేర్చుకొనువానికి ఇట్టి నగరములు పెద్దబాలశిక్ష వంటివి.

ఈ రెండు నగరములకును పోలికలు పెక్కు గలవు. రెండును ఒహాయో నదీతీరముననే యున్నవి. అలిఘేనీ యనియు, మొనంగహీలా యనియు రెండు నదులు పిట్స్‌బర్గు నడిబొడ్డున కలిసి ఒహాయో నదియగును. తుంగభద్ర కృష్ణలో కలిసినచోట సంగమేశ్వరము వెలసినట్లు, ఆ సంగమస్థానముననే ఆ పట్టణము పుట్టినది. అచ్చటినుండి నదివెంట పడవపై సుమారు 470 మైళ్లు దిగువకు పోయినచో సిన్సినాటి వచ్చును. జనసంఖ్యలోను అవి అన్నదమ్ములే. 1950లో పిట్స్‌బర్గు జనసంఖ్య 6,76,806. సిన్సినాటి జనసంఖ్య 5,03,998. 2020 జనాభా లెక్కలలో మొదటిది 3,02,971కిని, రెండవది 3,09,317కిని తగ్గినవి. డెబ్బది సంవత్సరములలో ఒకటి సగమునకు పైగా, రెండవది ఇంచుమించు అయిదింట రెండు పాళ్లు ప్రజలను పోగొట్టుకొని, తుదకు రెండును సమానమైనవి. అయినను ఈ కాలములోనే వాని మేడలు మరింత ఎత్తుకు పెరిగినవి. జనము తగ్గుచుండగా శిఖరములు పెరుగుట ఎట్లు సంభవించెనో తెలిసికొనుట మన ప్రసంగములో ముఖ్యభాగము.

ముందు పుట్టుపూర్వోత్తరములు చూతము. పిట్స్‌బర్గు సంగమమువద్ద 1754లో ఫ్రెంచివారు కోట కట్టిరి. 1758లో ఇంగ్లీషు సేనాని జాన్ ఫోర్బ్స్ దానిని పట్టుకొని, ఆనాటి ఇంగ్లండు మంత్రియగు విలియం పిట్ పేర ఆ స్థలమునకు పేరు పెట్టెను. చుట్టును కొండలు, కొండలలో బొగ్గు, బొగ్గును మోయుటకు నదులు. ఇన్ని సౌకర్యములుండుటచే ఆ యూరు ఇనుమునకును, గాజునకును, పిదప ఉక్కునకును పుట్టినిల్లయ్యెను.

సిన్సినాటికి 1788లో పునాది పడెను. 1790లో ఆర్థర్ సెయింట్ క్లెయిర్ అను గవర్నరు దానికి ఈ పేరు పెట్టెను. పూర్వము రోము నగరములో సిన్సినేటస్ అను పెద్దమనిషి యుండెను. శత్రువులు పైబడినపుడు ప్రజలు ఆయనను పొలములో నాగలి దున్నుచుండగా పిలిచికొనిపోయి సర్వాధికారమిచ్చిరనియు, యుద్ధము ముగియగనే ఆయన అధికారమును విడిచి మరల మేడిపట్టెననియు రోమీయుల కథ. అమెరికా స్వాతంత్ర్యయుద్ధములో పోరాడిన సైన్యాధికారులు ఆయన పేర ఒక సంఘమును స్థాపించిరి. ఆ సంఘము పేరే ఈ పట్టణమునకు వచ్చినది. రైతు పేరు పెట్టుకొన్న నగరములు లోకములో అరుదు.

చుట్టుప్రక్కల రైతులు మొక్కజొన్న పండించి పందులను మేపి సిన్సినాటికి తోలుకొని వచ్చుచుండిరి. పంతొమ్మిదవ శతాబ్దమున పందిమాంసపు వ్యాపారము ఎంత పెరిగెననగా ఆ నగరమునకు పందుల పట్టణమని ఎగతాళి పేరు వచ్చెను. మాంసము పోగా మిగిలిన కొవ్వుతో సబ్బులు, కొవ్వొత్తులు చేయవచ్చును. 1837లో కొవ్వొత్తులు చేయు విలియం ప్రాక్టరును, సబ్బులు చేయు జేమ్స్ గాంబిలును అచ్చటనే కలిసి వర్తకము ప్రారంభించిరి. నేడు లోకమంతట సబ్బుపొడులు అమ్ముచున్న ప్రాక్టర్ అండ్ గాంబిల్ కంపెనీకి అదియే ఆరంభము.

ఈ రెండు నగరములను ఒక మనుష్యుడు కూడ కలిపెను. ఆయన జర్మనీ నుండి వచ్చిన జాన్ రోబ్లింగు అను ఇంజనీరు. ఆయన ఇనుప తీగలను పేని త్రాళ్లుగా చేసి, వానితో వంతెనలను వ్రేలాడదీయు విద్యలో ఆరితేరినవాడు. 1846లో పిట్స్‌బర్గులో మొనంగహీలా నదిపై అట్టి వంతెన కట్టెను. పిదప సిన్సినాటికి వచ్చి, ఒహాయో నదిపై 1,057 అడుగుల నిడివిగల నడిమి వారతో గొప్ప వంతెనను కట్టి 1867 మొదటి దినమున రాకపోకలకు తెరపించెను. ఆనాడు ప్రపంచములో అంత పొడుగు వార గల వంతెన మరియొకటి లేదు. న్యూయార్కులోని ప్రసిద్ధమైన బ్రూక్లిన్ వంతెన దీనికి తరువాతిది. సిన్సినాటి వంతెన నేటికిని నిలిచియున్నది. నది ఆవలి ఒడ్డునుండి చూచువారికి నగరపు ఆకాశరేఖకు అదియే ముంగిలి.

ఇక శిఖరముల విషయము. పూర్వము మేడ భారమంతయు గోడలే మోయవలసియుండెను. ఎత్తు పెంచినకొలదియు క్రింది గోడలు లావు చేయవలెను. కొంత ఎత్తు దాటినచో క్రింది అంతస్తులో గోడలు తప్ప గదులు మిగులవు. అదిగాక నాలుగైదు అంతస్తులకు మించి మెట్లెక్కువారు లేరు. మనుష్యులను మోయు లిఫ్టు యంత్రము రెండవ చిక్కును తీర్చెను. ఉక్కు స్తంభములు, ఉక్కు దూలములు మొదటి చిక్కును తీర్చినవి. మన పెండ్లిపందిరిని తలచుకొనుడు. బరువు మోయునవి రాటలు, వాసములు. తడికలు మరుగునకు మాత్రమే. నేటి ఎత్తైన మేడలన్నియు ఇట్టి పందిళ్లే.

సిన్సినాటి ఈ విద్యకు ఒక కొత్త పాఠమును చేర్చెను. 1903లో అచ్చట ఇంగాల్స్ భవనమను 16 అంతస్తుల మేడ లేచెను. దాని ఎత్తు 210 అడుగులు. దానిని ఉక్కు దూలములతో కాక, ఇనుప కడ్డీలు పెట్టి పోసిన కాంక్రీటుతో కట్టిరి. అంతకుముందు కాంక్రీటుతో అంత ఎత్తు కట్టినవారు ప్రపంచములో లేరు. క్రిందినుండి ఊతకొయ్యలు తీసిన దినమున ఆ మేడ కూలునని పలువురు తలచిరట. అది కూలలేదు, నేటికిని ఉన్నది. ఈనాడు మన జిల్లా పట్టణములలో, పెద్ద గ్రామములలో సయితము కడ్డీలు కట్టి కాంక్రీటు పోసి మేడలు లేపుచున్నారు. ఆ పద్ధతితో ఆకాశమునకు తొలి మెట్టు వేసినది ఈ పందుల పట్టణమేయని మనము గుర్తుంచుకొనవచ్చును.

పిట్స్‌బర్గులో తొలి ఘనమైన శిఖరము న్యాయస్థానమునకు చెందినది. హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్ అను శిల్పి గీచిన పథకము ప్రకారము 1888లో ఆ జిల్లా కచేరి పూర్తియైనది. శిల్పి దానిని చూడకుండగనే 1886లో మరణించెను. దాని గోపురము సుమారు 250 అడుగులు. ఆ ఎత్తు అందము కొఱకు మాత్రమే కాదు. ఊరంతయు బొగ్గుపొగ కమ్మియుండుటచే, పొగకు మీదనున్న మంచి గాలిని గోపురముగుండ లోనికి దింపుటకును అది ఉపయోగపడెను.

న్యాయస్థానము తరువాత ధనవంతులు వచ్చిరి. ఉక్కు వర్తకములో ఆండ్రూ కార్నెగీయును హెన్రీ ఫ్రిక్కును భాగస్వాములు, తరువాత విరోధులైరి. కార్నెగీకి ఊరినడుమ 1895లో కట్టిన భవనమొకటి యుండెను. 1902లో ఫ్రిక్కు దాని ప్రక్కనే అంతకంటె ఎత్తైన మేడ కట్టించెను. కార్నెగీ భవనముమీద ఎండ పడకుండ చేయుటకే కట్టించెనని జనశ్రుతి. దాయాదుల పోరు గోడల ఎత్తులలో కనబడుట మన పల్లెలకును కొత్తగాదు. కార్నెగీ భవనమును 1952లో పడగొట్టిరి. ఫ్రిక్కు భవనము మాత్రము నిలిచెను.

1932లో అచ్చట గల్ఫ్ చమురు కంపెనీవారు 44 అంతస్తుల గోపురమును 582 అడుగుల ఎత్తున ముగించిరి. ప్రాచీన గ్రీకుల హాలికార్నసస్ సమాధిమందిరము రీతిగా దాని తలపై మెట్లు మెట్లుగా కట్టడము కలదు. ఆ శిఖరముపై దీపముల రంగును మార్చి వాతావరణమును ప్రజలకు తెలుపుచుండిరి.

సిన్సినాటి ధనము వేరు మార్గమున పైకెక్కినది. 1913లో ఒక జీవితభీమా కంపెనీవారు 495 అడుగుల గోపురము కట్టించిరి. దానిని గీచినవాడు కాస్ గిల్బర్టు; న్యూయార్కులో ఆ యేడే పూర్తియైన వూల్‌వర్తు భవనమును గీచినవాడును ఆయనయే. పిదప 1929లో కేరూ టవరు పని మొదలైనది. ఆ శరత్కాలముననే అమెరికాలో షేర్ల వెలలు కూలి దేశమంతయు దరిద్రములో పడెను. కట్టించుచున్న జాన్ ఎమెరీ యను ధనికుడు ఆ ఉపద్రవమునకు కొంచెము ముందుగా తన షేర్లను అమ్మి రొక్కము చేసికొనుటచే పని ఆగలేదని చెప్పుదురు. 1930లో 49 అంతస్తులు, 574 అడుగులతో గోపురము నిలిచెను. ఉద్యోగములు పోయి జనము అలమటించుచున్న కాలములో నగరపు మిక్కిలి గొప్ప శిఖరము లేచుట విచిత్రమైన సంగతి. అటుపిమ్మట ఎనుబది సంవత్సరములు దానిని మించినది ఆ యూర పుట్టలేదు.

మన కొలతతో చెప్పెదను. మంగళగిరి గాలిగోపురము 153 అడుగులు. కేరూ టవరు అట్టి గోపురములు మూడు ముప్పావు ఒకదానిపై నొకటి నిలిపినంత.

ఇప్పుడు రెండు ఆకాశరేఖల ఆకారములను పోల్చి చూడుడు. పిట్స్‌బర్గు మేడలు రెండు నదుల నడుమ మూడుమూలల ముక్కలో ఇరుకుకొని, మోపుగా కట్టిన జొన్నకంకులవలె దట్టముగా నిలుచును. దక్షిణపుటొడ్డున మౌంట్ వాషింగ్టన్ అను కొండ నిటారుగా లేచియున్నది. కొండ యెక్కుటకు 1870లోను 1877లోను కట్టిన రెండు వాలుబాట బండ్లు నేటికిని నడచుచున్నవి. గిలకబావిలో ఒక బొక్కెన దిగునపుడు రెండవది లేచినట్లు, ఒక బండి దిగుచుండగా మరియొకటి ఎక్కును. కొండకొమ్మునుండి నగరమంతయు చేతికందునట్లుండును. సిన్సినాటి చుట్టును కొండలే. నగరము పళ్లెములోని అన్నమువలె నడుమ కూర్చున్నది. అచ్చటను వాలుబాట బండ్లు అయిదుండెను గాని, కడపటిది 1948లో ఆగిపోయెను. అందుచే సిన్సినాటి శిఖరములను చూడగోరువారు నది దాటి కెంటకీ రాష్ట్రపు ఒడ్డున నిలువవలెను.

రెండు నగరములును నదికి భయపడవలసినవే. 1936 మార్చిలో పిట్స్‌బర్గులో నీరు 46 అడుగులకు లేచెను. 1937 జనవరిలో సిన్సినాటిలో నీరు ఇంచుమించు 80 అడుగులు వచ్చెను. ఏటియొడ్డున ఎత్తైన మేడలు తక్కువగా ఉండి, అవి కొంచెము వెనుకకు జరిగి నిలుచుటకు ఈ భయమొక కారణము.

పిట్స్‌బర్గునకు మరియొక శత్రువు పొగ. పట్టపగలు వీధిదీపములు వెలిగింపవలసిన దినములుండెడివి. ఆకాశమే కనబడనిచోట ఆకాశరేఖ ఎక్కడిది? 1941లో పొగను అరికట్టుటకు నగరసభ శాసనము చేసెను. యుద్ధమువలన అది ఆగి, 1946నుండి అమలులోనికి వచ్చెను. అప్పటి మేయరు డేవిడ్ లారెన్సు కార్మికుల పక్షమువాడు. ఆయనతో చేయి కలిపిన రిచర్డ్ కింగ్ మెలన్ బ్యాంకుల యజమాని. భిన్నపక్షములవారైనను ఈ పనిలో ఏకమైరి. ఇండ్లలో బొగ్గు పోయి గ్యాసు వచ్చెను. రైళ్లలో ఆవిరియంత్రములు పోయి డీసెలు యంత్రములు వచ్చినవి. పొగ విచ్చినది. కొండమీదినుండి చూచువారికి ఊరు కనబడసాగెను.

ఊరు కనబడిన పిదప కంపెనీలు తమ సరకునే కట్టుబట్టగా కట్టుకొని నిలుచుండినవి. అల్యూమినియము కంపెనీవారు 1953లో 30 అంతస్తుల మేడకు అల్యూమినియపు రేకులు తొడిగిరి. ఉక్కు కంపెనీవారు 1970లో 64 అంతస్తుల గోపురము కట్టిరి. దాని ఎత్తు 841 అడుగులు, అనగా మంగళగిరి గోపురములు ఐదున్నర. దాని ఉక్కుకు రంగు వేయలేదు. పైకి తుప్పుపట్టి, ఆ తుప్పే లోపలి లోహమునకు కవచమగునట్టి ఉక్కు అది. అగ్నిభయము లేకుండ వెలుపలి స్తంభములలో ద్రవము నింపిరి. గాజు కంపెనీవారు 1984లో 635 అడుగుల గోపురమును, చుట్టును చిన్న మేడలను గాజుతో కప్పి, 231 గాజుసూదులను తలలపై నిలిపిరి. కమ్మరివాడు తన ఇంటి తలుపునకు తానే చేసిన గడియ పెట్టుకొన్నట్లు ఈ నగరము తాను చేసిన వస్తువులనే ఆకాశముమీద చూపినది.

సబ్బు కంపెనీవారి పద్ధతి వేరు. 1985లో సిన్సినాటిలో వారు కట్టిన జంటగోపురములు 17 అంతస్తులే. లోకమంతట వ్యాపించిన కంపెనీకి అంత తక్కువ ఎత్తు చాలెను. తుదకు కేరూ టవరును మించినది మరల భీమా కంపెనీవారి పేర వెలసిన మేడయే. 665 అడుగుల ఆ గోపురము 2011లో తెరువబడెను. సిన్సినాటికి రాణినగరమని ముద్దుపేరుండుటచే దాని తలపై ఉక్కు కిరీటము పెట్టిరి. ఇంగ్లండు రాకుమారి డయానా ధరించిన కిరీటమును చూచి శిల్పి దానిని ఊహించెను.

జనము తగ్గుచుండగా శిఖరములు ఏల పెరిగినవను ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. ఎత్తైన మేడ ఊరిలో ఎందరున్నారో చెప్పదు. ఆ యూర ధనము ఎవరిచేత కూడినదో చెప్పును. కార్ఖానాలలో పనిచేయువారు నగరము విడిచి శివారులకు, ఇతర రాష్ట్రములకు పోయినను, లెక్కలు వ్రాయు కార్యాలయములు నడిమధ్యనే నిలిచినవి. ఉక్కు కంపెనీ గోపురము లేచిన పదునారు సంవత్సరములకే, 1986లో, ఏటికి ఎగువనున్న హోమ్‌స్టెడ్ ఉక్కు కార్ఖానా మూతపడెను. 1892లో కూలివారు సమ్మె కట్టి ప్రాణములు పోగొట్టుకొన్న కార్ఖానా అది. వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టిన పొయ్యిలు ఆరిపోయినవి. గోపురము మాత్రము చెక్కుచెదరలేదు. 2008లో దాని తలపై ఒక ఆసుపత్రుల సంస్థ పేరు పెద్ద అక్షరములతో వెలసెను. 2025లో ఉక్కు కంపెనీయే జపాను దేశపు నిప్పన్ స్టీల్ సంస్థ వశమైనది. శిఖరము ఒక్కటియే, దానిపై పేరు మాత్రము కాలమును బట్టి మారుచున్నది.

ఇంతవరకు కనబడునవి చెప్పితిని. ఇక కనబడనివి చెప్పవలెను. వానికొఱకే ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

మొదటిమారు మౌంట్ వాషింగ్టన్ కొండపై నిలిచినపుడు నేను మేడలను లెక్కపెట్టితినేగాని, వాని వెనుక తూర్పున నున్న ఖాళీనేలను లెక్కపెట్టలేదు. కార్లు నిలుపు స్థలమని తలచి కన్ను మరల్చుకొంటిని. తరువాత చదివి తెలిసికొన్నాను. అది హిల్ అను పేట దిగువభాగము. అచ్చట నల్లజాతివారును, ఐరోపానుండి వలసవచ్చిన పేదలును కలిసి బ్రదికెడివారు. పాటకచేరీలు, అంగళ్లు, దేవాలయములు, వంటఇండ్లు ఎడతెగక ఉండెడివి. ఇండ్లు పాతవి, కొన్ని శిథిలములు, అది నిజమే. నగర పునరుద్ధరణమను పేర 1956నుండి ఆ 95 ఎకరములలోని సుమారు 1,300 కట్టడములను పడగొట్టిరి. సుమారు 8,000 మంది ఇండ్లు విడిచిపోయిరి. ఆ స్థలమున 1961లో తెరచి మూయదగిన ఉక్కు కప్పుతో క్రీడామందిరమొకటి వెలసెను. మిగిలిన నేల పెక్కేండ్లు కార్లు నిలుపుటకే ఉపయోగపడెను. 2011, 2012 సంవత్సరములలో ఆ క్రీడామందిరమును సయితము పడగొట్టిరి. ఇండ్లు పోయినవి, ఇండ్లను మ్రింగిన కప్పును పోయినది. ఆ హిల్ పేటలో 1945లో పుట్టిన ఆగస్టు విల్సన్ తన వారి జీవితమును నాటకములుగా వ్రాసి దేశమంతట కీర్తిగాంచెను. పడిపోయిన పేట ఆయన నాటకములలో మాత్రము నిలిచెను.

సిన్సినాటిలో నష్టము ఇంకను పెద్దది. నగరపు పడమటి పేటలో కెన్యన్, బార్ అను వీధుల పేర ఒక పునరుద్ధరణ ప్రణాళిక బయలుదేరెను. 1950ల కడపట ప్రారంభమైన ఆ ప్రణాళికవలన సుమారు 25,000 మంది స్థానభ్రష్టులైరి. వారిలో ఇంచుమించు అందరును నల్లజాతివారు. వారి వీధులలో కొన్నిటిమీద నేడు పెద్ద రహదారి పోవుచున్నది. తక్కినచోట గిడ్డంగులు, పొట్టి కార్ఖానాలు. పడగొట్టుటకు ముందు నగరోద్యోగులు ఆ కట్టడములకు ఛాయాచిత్రములు తీసి భద్రపరచిరి. నష్టపరిహారపు లెక్కలకు తీసిన ఆ బొమ్మలే, నేడు ఆ పేట ముఖమును మనకు చూపు అద్దములు. ఆ చిత్రములు అచ్చటి పురాతన రైల్వేస్టేషనులోని ప్రదర్శనశాల వశమున నున్నవి. 1933లో తెరువబడిన ఆ స్టేషను అర్ధగోళపు కప్పుతో ఇంకను నిలిచియున్నది; దానికిని నగరమునకును నడుమ నుండిన పేట లేదు. 2023లో నగరపాలకులు ఆ పని తప్పని ఒప్పుకొని, స్థానభ్రష్టులైనవారిని క్షమాపణ వేడిరి. అప్పటికి అరువది యేండ్లు దాటినవి; వేడినవారు పడగొట్టినవారు కారు, వినవలసినవారిలో పెక్కుమంది గతించిరి. అయినను తప్పును కాగితముపై నెక్కించుట మేలేయని నా యభిప్రాయము.

ఈ రెండు సంగతులను తెలిసికొన్న తరువాత నేను రెండు ఆకాశరేఖలను మరల చూచితిని. ముందు చూచినపుడు పిట్స్‌బర్గునకే మొదటి స్థానమిచ్చియుంటిని. అచ్చటి శిఖరములు ఎత్తైనవి, చిత్రవిచిత్రములు, సంగమము వలన శోభిల్లునవి. ఆ తీర్పు కన్నులకు సంబంధించినంతవరకు ఇప్పటికిని మార్చుకొనలేదు. కాని రేఖ ఎక్కడ పైకి లేచినదో చూచుటతోపాటు, ఎక్కడ అకస్మాత్తుగా నేలకు దిగినదో చూచుట నేర్చుకొంటిని. లేచినచోట కట్టించినవాని పేరు రాతిమీద ఉండును. దిగినచోట ఎవరి పేరును ఉండదు, అడిగి తెలిసికొనవలెను. ఆ విషయములో రెండు నగరములలో ఏదియు గెలువలేదు.

ఇంకొక కనబడని శిఖరమును గూర్చి చెప్పి ముగించెదను. పిట్స్‌బర్గునకు తూర్పున పెన్ హిల్స్ అను శివారుగ్రామపు కొండవాలున, తిరుమల తిరుపతి దేవస్థానమువారి తోడ్పాటుతో శ్రీ వేంకటేశ్వరస్వామికి ఆలయము కట్టి 1976లో ప్రతిష్ఠ చేసిరి. బ్రతుకుతెరువునకై అచ్చటికి వెళ్లిన మనవారు, తెలుగువారును ఇతర దక్షిణదేశస్థులును, దానికి పూనుకొనిరి. నగరపు ఆకాశరేఖలో ఆ తెల్లని గోపురము కనబడదు. అది ఉక్కు గోపురమునకు పోటీ కాదు. అయినను ఆ కొండమలుపు తిరిగి దానిని చూచిన తెలుగువాడు, మన బండివానివలెనే, "అదిగో మన యూరు" అనుకొనును.

పెద్దలారా, మన తాలూకా పట్టణములును పెరుగుచున్నవి. బాటలు వెడల్పు చేయుటకు, చెరువులు త్రవ్వుటకు, కొత్త మేడలు లేపుటకు పాత వాడలు తొలగింపబడుచునే యున్నవి. కొన్నిచోట్ల అది అవసరమే కావచ్చును. అట్టి సమయమున పంచాయతీలో కూర్చున్నవారు ఒక చిన్న పని చేయవచ్చును. ఏ యింట ఎవరుండిరో, ఏ చెట్టుక్రింద ఏ గుడియుండెనో, ఆ ఇంటివారు ఏ యూరికి పోయిరో ఒక పుస్తకములో వ్రాయించి ఉంచవచ్చును. దానికి ఉక్కు అక్కరలేదు, గాజు అక్కరలేదు. ఓపికగల కరణము వంటివాడొక్కడు చాలును. రేపు మన మనుమలు పొలిమేరనుండి ఊరిని చూచి, ఆ ఎత్తైనది ఏమిటి తాతా అని అడుగుదురు. ఆ ప్రక్కనున్న ఖాళీస్థలమేమిటని కూడ అడిగినచో జవాబు చెప్పుటకు మనయొద్ద ఆ పుస్తకముండవలెను.